గ్రూపులో అందరూ నవ్వుతారు, నాకు ‘ఫొటో’ అని మాత్రం వినిపిస్తుంది

(చూపు లేని, చూపు తక్కువున్న యువతీయువకులూ వాళ్ల ఇంటివాళ్లూ రాసిన ఉత్తరాలకు జవాబులు. జవాబులిచ్చేది పుట్టుకతోనే చూపు లేని, హైదరాబాద్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పే టీచర్. ఊళ్లు తప్ప పేర్లు వేయడం లేదు.)

ప్రశ్న: అక్కా, నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా. ఇంటర్ అయ్యేసరికి చూపు బాగా తగ్గిపోయింది. ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉంటాను. తెరమీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే టాక్‌బ్యాక్ నేర్చుకున్నాను, ఫోన్ బాగానే వాడతాను. కానీ మా క్లాసు వాట్సాప్ గ్రూపులో రోజంతా మీమ్సే. రూంలో అందరూ పడీ పడీ నవ్వుతుంటారు, నాకు ‘ఫొటో’ అని మాత్రం వినిపిస్తుంది. మెసేజ్‌లేమో తెలుగునే ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు, ఒక్క ముక్క అర్థం కాదు. అడిగితే ‘ఏం లేదులేరా’ అంటారు. గ్రూపులోంచి వచ్చేద్దామనుకుంటున్నాను. (విశాఖపట్నం)

జవాబు: తమ్ముడూ, బయటికి మాత్రం రావద్దు. రేపటి ప్రాక్టికల్ వాయిదా పడిందన్న కబురూ, ఫీజు కట్టాల్సిన ఆఖరి తేదీ కూడా ఆ మీమ్స్ మధ్యలోనే ఎక్కడో ఇరుక్కుని ఉంటాయి.

ముందు ఇంగ్లిష్ అక్షరాల సంగతి చూద్దాం, అది తేలిక. టాక్‌బ్యాక్‌కి తెలుగు రాక వచ్చిన తంటా కాదది. ఇంగ్లిష్ అక్షరాలు కనపడితే వాటిని ఇంగ్లిష్ మాటలే అనుకుని చదువుతుంది. వాడు ‘ఏం చేస్తున్నావ్‌రా’ అని కొడితే, నీ చెవిలో ‘ఎమ్ చెస్టునావ్ రా’ అని ఏదో యాసలో పడుతుంది. వినగా వినగా ఆ యాస కూడా పట్టుబడుతుంది. నా దగ్గర నేర్చుకునే పిల్లలు దాన్ని స్పీడ్ పెంచుకుని మరీ వింటారు. కానీ ఆ శ్రమంతా నువ్వొక్కడివే ఎందుకు పడాలి? గూగుల్ వాళ్ల జీబోర్డ్ యాప్‌లో తెలుగు కోసం ఒక కీబోర్డు ఉంది, ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు లిపి పడుతుంది. నీ ఫ్రెండ్స్ ఇప్పుడు కొట్టే అక్షరాలే కొడతారు, నీకు మాత్రం తెలుగు తెలుగులా వినిపిస్తుంది. గ్రూపులో ‘అందరికీ విజ్ఞప్తి’ అని పెట్టకు, అలాంటివి ఎవరూ పట్టించుకోరు. ఎక్కువ వాగే ఇద్దరు ముగ్గుర్ని పట్టుకో. క్యాంటీన్లో పక్కన కూర్చుని వాళ్ల ఫోన్లో ఆ సెట్టింగు నువ్వే దగ్గరుండి పెట్టించు. అదీ బద్ధకమనిపిస్తే వాయిస్ మెసేజ్ పంపమను. నీ వైపు నుంచి చూసుకోవాల్సింది ఒకటుంది: టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగుల్లో తెలుగు వాయిస్ డౌన్‌లోడ్ అయిందో లేదో. చాలామంది ఫోన్లలో అది ఉండదు, తెలుగు లిపి వచ్చినప్పుడు ఫోన్ నోరు మూసుకుని కూర్చుంటుంది, మనమేమో మెసేజ్ ఖాళీగా వచ్చిందనుకుంటాం.

ఇక మీమ్స్. బొమ్మను చూసి వర్ణించే యాప్‌లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. బీ మై ఐస్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. డెన్మార్క్‌లో హాన్స్ యోర్గెన్ విబెర్గ్ అనే, తనకే చూపు తక్కువున్న ఆయన మొదలుపెట్టింది, 2015 నుంచి నడుస్తోంది, పైసా ఖర్చు లేదు. చూపున్న వాలంటీరుకి వీడియో కాల్ వెళ్తుంది. 2023 నుంచి ఫొటో పంపితే ఏఐ వర్ణించే ఏర్పాటు కూడా వచ్చింది. వాట్సాప్‌లో ఫొటో తెరిచి, షేర్ నొక్కి, ఆ యాప్‌ని ఎంచుకుంటే చాలు. గూగుల్ లుకౌట్, మైక్రోసాఫ్ట్ సీయింగ్ ఏఐ కూడా ఇలాంటి పనే చేస్తాయి.

అయితే మన మీమ్స్ దగ్గరికి వచ్చేసరికి ఈ యాప్‌ల తెలివి సగంలో ఆగిపోతుంది. మన గ్రూపుల్లో సగం మీమ్స్ బ్రహ్మానందం మొహాలే. యాప్ ఏం చెబుతుందో తెలుసా? ‘ఒక మధ్యవయసు వ్యక్తి కళ్లు పెద్దవి చేసి పక్కకి చూస్తున్నాడు, కింద తెలుగులో వాక్యం ఉంది.’ ఎక్కడ నవ్వాలి? అది ఏ సినిమాలో ఏ సీన్లో మొహమో తెలిస్తేనే జోకు. నాకు బ్రహ్మానందం గొంతు తెలుసు, ఆ గొంతుకి నవ్వుతూ పెరిగాను. ఆ మొహం ఏం చేస్తుందో మాత్రం మా తమ్ముడు చెబితేనే తెలిసింది. నువ్వు అదృష్టవంతుడివి, చిన్నప్పుడు ఆ సినిమాలు కళ్లతో చూసి ఉంటావు. ఎవడైనా ‘ఫలానా సీన్లో మొహం’ అన్నాడంటే నీకు బొమ్మ మొత్తం వచ్చేస్తుంది.

అందుకే అడిగే పద్ధతి మార్చు. ‘ఏంట్రా అది, చెప్పరా’ అంటే వాడు మొదటినుంచీ వివరించాలి, ఈలోగా జోకు చచ్చిపోతుంది, వాడికీ విసుగు. ‘ఏం లేదులే’ అనడం చాలాసార్లు ఆ విసుగే. నిన్ను తోసేయాలని కాదు. రెండే అడుగు: ఎవరి మొహం, కింద ఏం రాసుంది. దానికి వాడు ఒక్క గుక్కలో జవాబు చెప్పగలడు. రూమ్మేట్స్‌లో ఎవడో ఒకడు దీనికి బాగా పనికొస్తాడు, ప్రతి హాస్టల్లోనూ సినిమా పిచ్చోడు ఒకడుంటాడు. వాడిని పట్టుకో.

ఇంకోటి, గ్రూపులో ఇప్పటిదాకా నువ్వు పెట్టిందేమిటి? నీ ఉత్తరం చూస్తే అన్నీ తీసుకునే లెక్కలే ఉన్నాయి. లెక్చరర్ గొంతు మిమిక్రీ చేసి వాయిస్ మెసేజ్ పడెయ్యి. మెస్‌లో సాంబారు మీద క్రికెట్ కామెంటరీ చెప్పు. బొమ్మలతో నువ్వు పోటీ పడలేవు, గొంతుతో పడొచ్చు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. ఇంటర్ రెండో సంవత్సరం. ఫోన్ కొనిచ్చాం. మొదట్లో ఫోన్ పైకి మాట్లాడేది కాబట్టి ఎవరి మెసేజ్ వచ్చినా మాకూ వినిపించేది. ఈమధ్య ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటోంది. స్క్రీన్ కూడా నల్లగా ఉంటోంది. ఏం దాస్తోందో అని టెన్షన్‌గా ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరితోనో మాట్లాడుతోందని అనుమానం. (జగిత్యాల)

జవాబు: అమ్మా, మీ టెన్షన్ నాకర్థమైంది. ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇంట్లో ఇంకో అబ్బాయో అమ్మాయో ఉంటే, వాళ్ల మెసేజ్‌లన్నీ మీకు పైకి చదివి వినిపిస్తున్నారా? ఫోన్‌కి లాక్ పెట్టుకుని ఉంటారు కదా. ఈ పిల్లకి ఆ లాక్ ఇయర్‌ఫోన్స్. స్నేహితురాలు ‘నాకు పీరియడ్స్, కాలేజీకి రాను’ అని పెట్టిన మెసేజ్ హాల్లో కూర్చున్న బాబాయి చెవిన పడుతుంటే ఆ పిల్లకి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

స్క్రీన్ నల్లగా ఉండటం పాడవడం కాదు. అది సెట్టింగే, స్క్రీన్ దాచేది. మనకి తెర వెలిగినా ఆరినా ఒకటే. వెలిగితే బస్సులో పక్కసీటు ఆవిడ చదువుతుంది, మనం చదివేవాళ్లని చూడలేం కూడా. యూపీఐ పిన్ కొట్టేటప్పుడు ఈ రెండూ ఉండి తీరాలని నేనే పిల్లలకి చెబుతాను. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోమని కూడా చెబుతాను, రెండో చెవి రోడ్డుకీ ఇంటికీ ఉండాలి. ఈ ముక్క మీరూ చెప్పండి.

మీరు భయపడాల్సిన చోటు వేరే ఉంది. వీడియో కాల్‌లో కెమెరా ఏం చూపిస్తోందో పిల్లకి తెలియదు. తను బట్టలు మార్చుకునే గదిలో ఫోన్ నిలబెట్టి మాట్లాడొచ్చు. వెనక గోడ మీద క్యాలెండరూ, ఇంటి పేరూ కనపడొచ్చు. అవతలివాడు స్క్రీన్ రికార్డు చేస్తుంటే చూసి కనిపెట్టడానికి వీల్లేదు. కాబట్టి తన గదిలో ఒక కుర్చీ, ఒక మూల ఖాయం చేయండి: ఫోన్ ఇక్కడ పెడితే నీ మొహం, నీ వెనక తెల్ల గోడ మాత్రమే కనపడతాయి అని చేత్తో తడిమి చూపించండి. కొత్తవాళ్లతో ముందు మాటలే, వీడియో వద్దు అని చెప్పండి. బీ మై ఐస్ వాలంటీర్లు మంచివాళ్లే, అయినా ముక్కూమొహం తెలియనివాళ్లే. కూర ప్యాకెట్ మీద తేదీ చదివించుకోవచ్చు గానీ ఆధార్ కార్డూ, ఏటీఎం కార్డూ, బ్యాంకు పాస్‌బుక్కూ చూపించకూడదు. ఇన్‌స్టా అబ్బాయి సంగతి తనని నేరుగా అడగండి. అన్నని కాపలా పెట్టకండి, తమ్ముడి చేత ఫోన్ చెక్ చేయించకండి. అలా చేసిన ఇళ్లలో పిల్లలు ఇంకో ఖాతా తెరవడం నేర్చుకోవడం తప్ప జరిగిందేమీ నేను చూడలేదు.

ప్రశ్న: నాది స్టార్‌గార్ట్ డిసీజ్. నడవగలను, రంగులు తెలుస్తాయి, మొహాలు మాత్రం కనపడవు. ఫోన్ ముక్కుకి ఆనించుకుని పెద్ద అక్షరాలు పెట్టుకుని చదువుతాను. కాలేజీలో నాకు ‘పొగరు’ అని పేరు పడింది, ఎదురొచ్చినా పలకరించనట. ఒకమ్మాయి ‘ఫోన్ కనపడుతుంది గానీ మనుషులు కనపడరా’ అంది. అమ్మ ఎవరికీ చెప్పొద్దంటుంది, రేపు సంబంధాలకి ఇబ్బందని. తెల్లకర్ర అస్సలు పట్టుకోనివ్వదు. (గుంటూరు)

జవాబు: ‘ఫోన్ కనపడుతుంది గానీ’ అన్న మాట చూపు తక్కువున్న ప్రతివాళ్లూ పడ్డదే. పూర్తిగా చూపు లేని నాకు ఈ బాధ లేదు, నన్ను చూడగానే తెలిసిపోతుంది, పొగరనే అవకాశం ఎవరికీ ఇవ్వను. మీ జబ్బులో రెటీనా నడిమధ్యన దెబ్బ తింటుంది, అంచులు మిగులుతాయి. అందుకే గోడకి గుద్దుకోకుండా నడుస్తారు, ఎదుటి మనిషి మొహం మాత్రం ఉండాల్సిన చోట ఉండదు. ఈ రెండు వాక్యాలే క్లాసులో చెప్పండి. ఉపన్యాసం అక్కర్లేదు. ‘నాకు మొహాలు కనపడవు, నేను పలకరించకపోతే పేరు చెప్పి మీరే పలకరించండి’ అంటే చాలు. ఎక్కువమంది ‘అయ్యో, ముందే చెప్పాల్సింది’ అంటారు. ఒకరిద్దరు మీ ముందు వేళ్లు ఆడించి ‘ఎన్ని?’ అని అడుగుతారు. వాళ్లని వదిలేయండి.

పనిలో పని, చదువుతున్న బంధువులందరికీ నాదొక మనవి. పెళ్లిళ్లలో వెనకనుంచి వచ్చి చెయ్యి పట్టుకుని ‘నేనెవరో చెప్పుకో చూద్దాం’ అనడం మానండి. మేళం మోగుతుంటుంది, వందమంది మాట్లాడుతుంటారు, అయిదేళ్లకోసారి కలిసే పెద్దత్త గొంతు ఎలా గుర్తుంటుంది? తప్పు చెబితే ‘మమ్మల్ని మర్చిపోయింది’ అని నిష్ఠూరం. ‘నేను పెద్దత్తనే’ అని ముందే చెప్పి కబుర్లు మొదలుపెడితే ఆవిడ సొమ్మేం పోతుంది?

కర్ర విషయం. మీకు పగటిపూట తెలిసిన దారుల్లో అవసరం లేకపోవచ్చు. చీకటి పడ్డాక, కొత్త ఊళ్లో, రోడ్డు దాటేటప్పుడు కావాలి. అది మీకు దారి చూపించడం ఒక ఎత్తు, బైకువాడికి మీ సంగతి చెప్పడం ఇంకో ఎత్తు. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునేవి దొరుకుతాయి, అవసరమైనప్పుడే తీయండి. మామూలు కర్ర నేల మీద ఉన్నవే చెబుతుంది. మన వీధుల్లో దెబ్బలన్నీ మొహానికే: ఫ్లెక్సీ కట్టిన తాడు, ఆగి ఉన్న లారీ వెనక భాగం, కిందికి వంగిన వేపకొమ్మ. దీనికోసమే ఐఐటీ ఢిల్లీ వాళ్లు స్మార్ట్‌కేన్ అని చేశారు, 2014లో వచ్చింది. కర్ర పిడికి తగిలించే పరికరం, శబ్ద తరంగాలతో మోకాలి పైనుంచి తల ఎత్తు దాకా ఎదురున్నవి పసిగట్టి పిడిలో వణుకు పుట్టిస్తుంది. ముందు మామూలు కర్రతో నడక నేర్చుకున్నాకే అది.

అమ్మగారి భయం గురించి: సంబంధాలవాళ్లకి చెప్పకుండా పెళ్లి చేస్తే, పెళ్లైన వారానికే ఆ ఇంట్లో బియ్యంలో రాళ్లేరమన్న రోజున తెలిసిపోతుంది. ఆ తర్వాత జరిగే పంచాయితీలో మోసం చేశారన్న మాట పడేది అమ్మగారే. ఈ ముక్క ఆవిడకి చదివి వినిపించండి. మీ ఇంటినుంచి రాగలిగితే హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తక్కువున్నవాళ్లకి ప్రత్యేక విభాగం ఉంది. లెన్సులూ మాగ్నిఫయర్లూ చూపిస్తారు, ఇంటివాళ్లతోనూ మాట్లాడతారు. అమ్మగారిని కూడా తీసుకెళ్లండి.

ప్రశ్న: గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను, చూపు పూర్తిగా లేదు. తెలుగు మెటీరియల్ పీడీఎఫ్‌లు టెలిగ్రామ్‌లో బోలెడు దొరుకుతున్నాయి, కానీ కంప్యూటర్ తెరని చదివి వినిపించే ఎన్‌వీడీఏతో తెరిస్తే పిచ్చి అక్షరాలు చదువుతోంది. సాఫ్ట్‌వేర్ తప్పా? (అనంతపురం)

జవాబు: ఎన్‌వీడీఏ తప్పు కాదు పాపం. ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపులేని కుర్రాళ్లు 2006లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది, మనలాంటివాళ్ల ఉద్యోగాలు దానిమీదే నడుస్తున్నాయి. దాంతో వచ్చే ఈస్పీక్ తెలుగు గొంతు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు ఉంటుందన్నది నిజమే గానీ, అక్షరం సరిగ్గా ఉంటే చదువుతుంది.

అసలు దోషం ఫాంటుది. ఆ మెటీరియల్ అంతా అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేసింది. అందులో తెరమీద ‘క’ కనపడుతుంది, లోపల కంప్యూటర్ దాచుకున్నది మాత్రం ఏదో ఇంగ్లిష్ అక్షరమో గుర్తో. కళ్లున్నవాళ్లకి తేడా తెలియదు, మనకి మాత్రం వినిపించేది లోపలిదే. అసలు ఫైలు దొరికితే అను నుంచి యూనికోడ్‌కి, అంటే ‘క’ని లోపల కూడా ‘క’గానే దాచే పద్ధతికి, మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. పీడీఎఫ్ మాత్రమే ఉంటే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి, అది బొమ్మలా చూసి తెలుగు అక్షరాలు గుర్తుపట్టి టైపు చేసి ఇస్తుంది. పెద్ద పుస్తకాన్ని ముక్కలు చేసుకోవాలి. ఒత్తుల దగ్గరా, పట్టికల దగ్గరా తప్పులు వస్తాయి, సంవత్సరాల అంకెలు ఒకసారి ఎవరిచేతనైనా సరిచూపించుకోండి.

సుగమ్య పుస్తకాలయ అని ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, 2016 ఆగస్టులో మొదలైంది. అచ్చు చదవలేనివాళ్ల కోసమే, భారతీయ భాషల పుస్తకాలూ ఉన్నాయి, వైకల్య సర్టిఫికెట్‌తో సభ్యులుగా చేరండి. స్కాన్ చేయించుకుంటే కాపీరైట్ గొడవ వస్తుందేమోనని భయపడకండి, 2012 సవరణ తర్వాత మన కోసం చదవదగ్గ రూపంలోకి మార్చుకోవడాన్ని చట్టమే ఒప్పుకుంది. పరీక్షలో స్క్రైబ్‌తో (మీరు చెప్పింది రాసిపెట్టే మనిషితో) పాటు గంటకి కనీసం 20 నిమిషాలు అదనపు సమయం మీ హక్కు. కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది, ప్రింటు దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: ఖాతా తెరవడానికి ఆన్‌లైన్ కేవైసీలో ‘కళ్లు ఆర్పండి’ అంటోంది. నాకు రెండూ కృత్రిమ కళ్లు. బ్రాంచికి వెళితే ‘సిస్టమ్ ఒప్పుకోదు’ అన్నారు. (నల్గొండ)

జవాబు: 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు సరిగ్గా దీనిమీదే తీర్పు ఇచ్చింది. యాసిడ్ దాడి బాధితులూ, చూపులేని ఒక న్యాయవాదీ వేసిన కేసులు అవి. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమంది, కళ్లు ఆర్పడం ఒక్కటే కాకుండా మనిషి బతికున్నట్టు రుజువు చేసే వేరే పద్ధతులు పెట్టమంది. తీర్పు కాపీతో బ్రాంచి మేనేజర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, రశీదు తీసుకోండి. జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి రాయండి. నోటిమాటగా ‘సిస్టమ్ ఒప్పుకోదు’ అన్నవాళ్లు కాగితం మీద ఆ మాట రాయడానికి వెనకాడతారు.

ప్రశ్న: నా ఫ్రెండ్‌కి చూపు లేదు. సినిమాకి తీసుకెళ్లాలని ఉంది, వాడికీ ఇష్టమే. కానీ ఎలా చెప్పాలో, చెబితే పక్కవాళ్లు తిడతారేమోనని మొహమాటం. ఇద్దరం కలిసి ఆడే ఆటలు కూడా చెప్పండి. (ఖమ్మం)

జవాబు: ఆట ముందు చెబుతాను. క్రికెట్. ఉమ్మడి గుంటూరు జిల్లా అజయ్ కుమార్ రెడ్డి పేరు విన్నావా? చూపులేనివాళ్ల భారత జట్టుకి కెప్టెన్‌గా చేశాడు, అర్జున అవార్డు వచ్చింది. ప్లాస్టిక్ బంతి, లోపల చిన్న ఇనప గుండ్లు గలగలమంటుంటాయి. కింది నుంచి విసరాలి, నేల మీద పడి దొర్లుతూ రావాలి. వేసేముందు బౌలర్ ‘రెడీ?’ అంటాడు, బ్యాట్స్‌మన్ ‘యెస్’ అన్నాక ‘ప్లే’ అని వదులుతాడు. పూర్తిగా చూపు లేనివాడు కొట్టిన పరుగు రెండుగా లెక్క. నువ్వు కళ్లకి గంతలు కట్టుకుని ఒక ఓవర్ ఆడి చూడు, ఎవరు ఎవరికి నేర్పిస్తారో తేలిపోతుంది.

సినిమాకి జనం తక్కువుండే ఆట చూసుకో, చివరి వరస మూల సీట్లు తీసుకో. హాల్లోకి వెళ్లేటప్పుడు వాడిని వెనకనుంచి నెట్టకు, ముంజేయి పట్టుకుని లాగకు. నీ మోచేతి పైన వాడిని పట్టుకోమను, నువ్వు అరడుగు ముందు నడువు, మెట్టు వస్తే ‘మెట్టు, పైకి’ అను. లోపల మాటలున్న సీన్లలో నోరు విప్పకు, వాడే వింటాడు. మాటల్లేనప్పుడే చెప్పు, అదీ నాలుగు మాటల్లో: ‘వాడు కత్తి దాచాడు’, ‘అమ్మాయి ఉత్తరం చింపింది’. పాటల్లో స్టెప్పులు అడిగితేనే చెప్పు, ఫైట్లో మాత్రం ఎవరు పడ్డారో చెప్పాలి, శబ్దాలన్నీ ఒకలాగే ఉంటాయి. థియేటర్లలో వర్ణన ఆడియో ఇవ్వాలని 2024 మార్చిలో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. మన తెలుగు సినిమాలన్నింటికీ అది వచ్చేలోపు నువ్వే దిక్కు.

ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ బిల్లు మాత్రం వాడినే కట్టనియ్యి. ఫోన్లో స్కానర్ వాడే తెరుస్తాడు, కౌంటర్ మీద క్యూఆర్ బోర్డు ఎక్కడుందో వాడి చెయ్యి దానిమీద పెట్టి చూపించు, పిన్ కొట్టేటప్పుడు అటు తిరుగు.